హారన్ ఆపిన పూట

మా అక్క పాపక్క కనబడకుండా పోయిన రోజు నేను నా దగ్గరున్న మైకు హారన్లన్నీ వ్యానులో వేసుకుని ఆమె ఊరికి పరుగెత్తాను. నా పక్క సీట్లో కూర్చుని వచ్చిన పుట్టమ్మ టీచరు చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు. ఆ పూట ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆ టీచరమ్మ ఎవరో చెప్పాలి. లేకపోతే మీరూ మా ఊరివాళ్ళలాగే ఆమెకు పిచ్చి అనుకుంటారు.

నాది హోసూరులో మైకు సెట్టు అంగడి. అంజినప్ప సౌండ్ సర్వీస్ అంటే ఆ రోజుల్లో తెలియనివాడు లేడు. పెళ్ళైనా, జాతరైనా, ఎలక్షనైనా, ఎవరన్నా పోయినా నా హారన్ పలకాల్సిందే. అది పలికితే పక్క ఊరి కోళ్ళు గూడా లేచి కూర్చునేవి. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే అక్కే నన్ను చంకన వేసుకుని మంద వెంట తిరిగింది. కొండమీదినుంచి కొండమీదికి అరిచి అరిచి నాకు గొంతు పెద్దదైంది. ఆ గొంతు కూడా చాలదనిపించాక హారన్ కొన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు పెద్దదైతే ఊరు మనదేనని నా నమ్మకం.

అలాంటి నా అంగడికి ఒకరోజు పొట్టిగా, గంజి పెట్టిన నూలు చీరలో ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి పైకప్పు రేకులకేసి చూస్తూ చెవి ఒగ్గింది. ఏదన్నా కారుతోందేమోనని నేనూ చూశాను.

“ఈ రేకుల కింద మాట గీరుకుంటా ఉండాదప్పా. నీకు సాయంత్రానికి తలనొప్పి రాదా?” అంది.

తలనొప్పి నాకు రోజూ వచ్చేది. ఆ మాట ఆమెకెందుకు చెప్పాలి? “ఏం కావాలమ్మా?” అన్నాను.

“కల్లావిలో ఒక పూటకి మైకు సెట్టు కావాల. రెండు హారన్లు కట్టాల, ఆంప్లీ పెట్టాల, అంతా సరిగ్గా చేయాల. అయితే వేయకూడదు.”

“వేయకూడదంటే?”

“హారన్ కట్టకుంటే జనం రారు. హారన్ వేస్తే జనం వినరు. అందుకే కట్టు, వేయొద్దు.”

ఈ మాట చెప్పినందుకే కృష్ణగిరిలో మైకు సెట్లవాళ్ళంతా నవ్వి పంపేశారట. నేనూ నవ్వాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కానీ పలకని హారన్‌కు బాడుగ ఇస్తానంటే కాదనడానికి నాకేమైనా పిచ్చా? ఒప్పుకున్నాను.

ఆమె ఊత్తంగరైలో వేరుశనగ వ్యాపారం చేసే ఇంటి పిల్ల. కృష్ణగిరిలో ఒక ఆడపిల్లల బడిలో పాటల టీచరు. కచేరీలు చేసే గొంతే ఆమెది. ఒక పెళ్ళిలో పాడుతుండగా మైకు చెడిపోయిందట. నాది కాదు, నా మైకు ఎన్నడూ చెడలేదు. జనం లేచి భోజనాలకు పోయారు. ఈమె మాత్రం లేవకుండా గొంతు తగ్గించి, ఖాళీ పందిరికి పాడుకుంటూ కూర్చుంది. కాసేపటికి వెనకనుంచి గరిటెల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే వంటవాళ్ళంతా పొయ్యిల దగ్గర నిలబడిపోయి వింటున్నారట. ఆ రోజు నుంచి ఆమె కచేరీలు మానేసింది. పాటకంటే ముందు చోటు ఉందని, చోటుకంటే ముందు చెవి ఉందని ఆమె సిద్ధాంతం. కల్లావిలో చేయబోయేదానికి ఆమె పెట్టుకున్న పేరు ‘వినికిడి’.

సంత ముగిసిన సాయంత్రం ఊరి బయట పెద్ద బండ దగ్గర వేపచెట్టుకు హారన్లు కట్టాను. కట్టడం చూసి జనం వచ్చేశారు. సినిమా పాటలనుకున్నవాళ్ళు కొందరు, నాటకమనుకున్నవాళ్ళు కొందరు. టీచరమ్మ బండమీద నిలబడి, “అందరూ కూర్చోండి. ఏది వినపడితే అది వినండి. అది బాగుంది, ఇది బాగాలేదు అనుకోవద్దు. రొంతసేపు మాటాడొద్దు, అంతే” అంది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు దగ్గాడు, ఒకడు ఆ దగ్గును వెక్కిరించాడు, ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఆంప్లీ పక్కన తల దించుకుని కూర్చున్నాను. టీచరమ్మ నా దగ్గరకొచ్చి వంగి, “నీ మిషన్ ఇంకా నిద్రపోలేదప్పా” అంది. నిజమే. అలవాటుకొద్దీ స్విచ్చి వేసి ఉంచాను. అది సన్నగా గుయ్‌మంటోందన్న సంగతి ఇన్నేళ్ళలో నాకే తెలియదు. ఆపేశాను. ఆపాక గానీ అది ఎంతసేపటినుంచి చెవిలో కూర్చుందో తెలియలేదు.

తరవాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సంత నుంచి వెళుతున్న బండి ఇరుసు. ఎక్కడో కాయలు ఒలుస్తున్న చప్పుడు. పసిబిడ్డ పాలు తాగుతున్న గుటకలు. జనం నవ్వడం మానేశారు. అప్పుడామె బండవైపు తిరిగి గొంతు తీసింది. మాటలేదు, రాగం కూడా కాదు. కింది నుంచి మెల్లగా పైకి ఎక్కుతూ పోయే ఒకే ఒక్క నాదం. ఒకచోట బండ ఆ గొంతును పట్టుకుంది. పట్టుకున్న చోటే ఆమె నిలిపింది. శబ్దం ఆమె దగ్గరనుంచి కాక మా వెనకనుంచి రావడం మొదలైంది. నా ముందున్న ముసలామె ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసింది.

అయిపోయాక నాకు పడిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. “ఏమప్పా, మిషన్ చెడిపోయిందని చెప్పేదానికి నోరు లేదా?” అన్నాడొకడు. నా పేరు చెడింది. టీచరమ్మ మాత్రం ఆ ముసలామెతో చేతులు పట్టుకుని మాట్లాడుతూ, పండగ చేసుకున్నట్టు వెలిగిపోతోంది.

ఇక ఆమె మొహం చూడకూడదనుకున్నాను. కుక్కతోక వంకర ఊరికే పోతుందా, మళ్ళీ పిలవగానే మళ్ళీ వెళ్ళాను. హోసూరులో కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీల నీళ్ళ ట్యాంకులు, నీళ్ళు పట్టకముందే ఆమె వెళ్ళి వినేసేది. కావలివాళ్ళను నేను బతిమాలి లోపలికి పంపించేవాణ్ణి. కృష్ణగిరి కొండమీద పాతకాలపు ధాన్యపు కొట్టు ఒకటి ఉంది, కమాను పైకప్పుది. అక్కడికి ఆమె వెంట ఎక్కుతూ దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను. లోపల నన్ను గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టి ఆమె మధ్యలో నిలబడింది. గొంతు తీసింది. ఆ కొట్టు ఆ గొంతును అందుకున్నప్పుడు నా వీపులోంచి, పక్కటెముకల్లోంచి పాట లోపలికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియక కోపం కూడా వచ్చింది.

“ఆంప్లీ లేకుండా ఇంత సౌండు ఎట్లా వచ్చె టీచరమ్మా?”

“నేను తోయలేదప్పా. అది లాక్కునింది. ప్రతి చోటుకీ ఒక గొంతుంటాది. మనం మన గొంతు ఆపి చూస్తేగదా అది తెలిసేది.”

ఇంత గొప్ప విద్య చేతిలో ఉండి ఈమె ఎందుకిలా ఖాళీ కొట్లకు పాడుకుంటూ తిరుగుతుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆమెను చూస్తే అబ్బురం, ఆమెతో కనబడితే సిగ్గు. ఆ రెండింటి మధ్యా ఊగుతూ కొన్నేళ్ళు నడిచాయి.

ఎనభైమూడులో, రాగి కోతలయ్యి ఎండలు ఇంకా ముదరని రోజులు. టీచరమ్మ బడిలో వార్షికోత్సవానికి మైకు కడుతున్నాను. మా అక్క కొడుకు మాదప్ప సైకిలు తొక్కుకుంటూ బడి గేటులోకి వచ్చి, సైకిలు నిలబెట్టకుండానే వదిలేశాడు.

“మామా, అమ్మ కనపడలే. తెల్లారి నేను లేచేటప్పటికే ఇంట్లో లేదు. ఊరంతా వెతికినాము.”

అక్కది కావేరిపట్టణం అవతల, పెన్నేటి ఒడ్డు ఊరు. “యాడికన్నా పోయిందేమోరా, చుట్టాలింటికి” అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. “రాత్రి సంగటి మెత్తగా అయిందని అమ్మకీ మునెమ్మకీ మాటా మాటా వచ్చింది. అమ్మ తినకుండా పండుకునింది. ఊర్లో అందరూ బావులు చూస్తా ఉండారు మామా.”

మా వైపు కోపంతో ఇల్లు దాటిన ఆడమనిషికోసం ముందు చూసేది బావిలోనే. కట్టిన వైర్లన్నీ పీకి వ్యానులో వేశాను. టీచరమ్మ గొడుగు తీసుకుంది. వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

ఊళ్ళో అడుగుపెట్టేసరికి బావుల చుట్టూ జనం. బిందెలు తీసే పాతాళ గరిగెలు వేసి లోపల గాలిస్తున్నారు. ఇంటి అరుగుమీద అక్క కోడలు మునెమ్మ ఒక్కతే మోకాళ్ళమీద తల పెట్టుకుని కూర్చుంది. ఆమెకేసి చూసే ప్రతి చూపూ ‘నువ్వే చంపినావు’ అన్నట్టే ఉంది. నేనూ అలాగే చూశాను.

నాకు తెలిసిన పని ఒక్కటే. ఊరి వెనక మిట్టమీద పాత కళ్ళాలు ఉన్నాయి, రాగిగడ్డి వాములు వేసే చోటు. అక్కడ కానుగచెట్టు ఉంది. అంతకంటే ఎత్తైన చోటు ఊళ్ళో లేదు. చెట్టెక్కి నాలుగు దిక్కులకూ నాలుగు హారన్లు కట్టాను. ఆంప్లీకి వ్యాను బ్యాటరీ తగిలించి, వాల్యూము చివరిదాకా తిప్పాను.

“అక్కా! పాపక్కా! నేను అంజినిని వచ్చినాను! యాడుండావక్కా? యాడున్నా పలుకు! కోపంగీపం ఏమున్నా నేను చూసుకుంటాను, ఇంటికి రాక్కా!”

కొండల దాకా వెళ్ళి నా గొంతు తిరిగి నామీదే పడింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ. ఏటి అవతలి ఊళ్ళవాళ్ళు గట్టుమీదికొచ్చి చూస్తున్నారు. గొంతు ఎండిపోయినప్పుడు మంచినీళ్ళు తాగేపాటి సేపు కూడా ఊరికే ఉండలేకపోయాను. అక్కకిష్టమని ఒక భక్తి రికార్డు వేసి, అది అయిపోగానే మళ్ళీ మైకు అందుకున్నాను. నేను ఆగితే అక్క చెయ్యి వదిలేసినట్టేనని అనిపించింది. అలా పొద్దు నడినెత్తి దాటింది.

అంతసేపూ టీచరమ్మ ఊరంతా తిరుగుతూనే ఉంది. మునెమ్మ పక్కన కాసేపు కూర్చుంది. చివరికి కానుగచెట్టు కిందికి వచ్చి నిలబడింది.

“హారన్ ఆపు అంజినప్పా.”

నాకు ఒళ్ళు మండింది. “మీ ఆటలు ఈడ వద్దు టీచరమ్మా! ఇది కల్లావి బండ కాదు. మా అక్క ప్రాణం. పిలవకుంటే ఆమెకెట్లా తెలుస్తాది మేము వెతుకుతా ఉండామని?”

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆమెమీద లేచారు. ఊరు గమ్మునైపోయేది చావు తరవాతే, ఆ మాట నోట ఎట్లా అంటావు తల్లీ అని ఒక ముసలామె చేతులు తిప్పింది. టీచరమ్మ వాళ్ళ మధ్యలోంచి నడిచింది. చెట్టుమొదట్లో కూర్చున్న నా దగ్గరకు వచ్చి, నా చేతిలోని మైకుమీద తన చెయ్యి పెట్టింది.

“నువ్వు పిలిచింది చాలప్పా. ఊరూరూ వినింది. ఆమె వినింటే ఈపాటికి వినేసింటాది. ఇప్పుడు ఆమెకు రొంత జాగా ఇయ్యి.”

సరిగ్గా అప్పుడే ఆఖరి బావిలో దిగినవాళ్ళు పైకొచ్చి, లేదని చేతులూపారు. బావిలో లేదంటే ఎక్కడో ఉంది. ఎక్కడో ఉండి, ఇంత పిలిచినా రాలేదంటే రాలేక ఉంది.

“ఒక్కమాట చెప్పి ఆపుతాను” అన్నాను. మైకు తీసుకుని, “ఊర్లో అందరికీ మనవి. అందరూ గమ్మునుండండి. మాటాడొద్దు, నడవొద్దు. మా అక్కకోసం” అని, బ్యాటరీనుంచి వైరు పీకేశాను. నా చెవులు హోరుమంటున్నాయి. నేను ఆపేశానుగానీ ఊరు ఆగలేదు.

ఊరు ఎంత చప్పుడు చేస్తుందో నాకు ఆ పూటే తెలిసింది. పిండిమిషన్ కొట్టుకుంటోంది. ఆవుల మెడల్లో గంటలు. దంపుతున్న రోలు. అన్నిటికీ మించి ఏటిగట్టున తిమ్మయ్య పంపుసెట్టు. మాదప్ప పోయి ఆపమంటే తిమ్మయ్య ఆపనన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేం. ఆ రోజుల్లో కరెంటు వచ్చేదే పూటకు కాసింత. ఆ కాసింతలో మడి తడవకపోతే టొమాటో నారు మాడిపోతుంది.

అప్పుడు లేచింది మునెమ్మ. తలకు కొంగు కూడా సరిచేసుకోకుండా గట్టుదాకా నడిచి తిమ్మయ్య ముందు నిలబడింది. “తాతా, నీ నారు ఎండితే నేను బిందెలతో మోసి తడుపుతాను. మా అత్త లేకుంటే నేను ఈ ఊర్లో బతకలేను” అంది. తిమ్మయ్య వెళ్ళి మోటరు ఆపేశాడు.

పిండిమిషన్ ఆగింది. ఆడవాళ్ళు పశువుల గంటలు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డారు. పిల్లల్ని రొమ్ముకు అదుముకున్నారు. కల్లావిలో నవ్విన జనంలాంటి జనమే వీళ్ళూ. ఒక్కరికీ నవ్వు రాలేదు.

టీచరమ్మ చెప్పులు విడిచేసింది. ముందు ఏటివైపు నడిచింది. ఒకచోట నిలబడి, గొంతు బాగా కిందికి దించి, నేలకు చెబుతున్నట్టు ‘ఊఁ’ అని నాదం తీసింది. ఆపింది. వేచి ఉంది. చాలాసేపు వేచి ఉంది. నాలుగడుగులు వేసి మళ్ళీ. గొర్రెల దొడ్డి దగ్గర, పడిపోయిన మొండిగోడల మధ్య, పాడుబడిన గానుగ దగ్గర. తీసేది చిటికెడు, వినేది చారెడు. ఆమె వింటుంటే మొహం చూడాలి. కళ్ళు తెరిచే ఉంటాయి, దేన్నీ చూడవు. ఒళ్ళంతా చెవి చేసుకోవడమంటే ఏమిటో ఆమెను చూసి తెలుసుకున్నాను. వెనకాల నేనూ మాదప్పా కాళ్ళ కింద ఆకు కూడా నలగకుండా నడుస్తున్నాం.

చుట్టూ తిరిగి తిరిగి మిట్టమీదికే వచ్చింది. నా కానుగచెట్టు దగ్గరికి. ‘ఈడ నేనే ఉండాను గదా పొద్దుటినుంచి’ అనబోయి నోరు నొక్కుకున్నాను. ఆమె నాదం తీసి ఆపింది. ఆపిన తరవాత కూడా ఆగిపోలేదని అనిపించింది. ఆమె చప్పున చెయ్యెత్తి, కళ్ళంమీద బోర్లా పడుకుని నేలకు చెంప ఆనించింది. ఈసారి గొంతు పిసరంత పైకి జరిపి తీసింది.

వాము గడ్డిలో తుమ్మెద ఏదో చిక్కుకుందనుకున్నాను. సన్నగా, తెగుతూ తెగుతూ వస్తోంది. ఆమె ఆపితే వస్తోంది, ఆమె తీస్తే ఆగుతోంది. తుమ్మెదకు ఇంత మర్యాద ఎక్కడిది? రెండు ఊపిర్ల తరవాత నాకు ఆ వరస తెలిసింది. రాగులు విసిరేటప్పుడు మా అక్క తీసే కూనిరాగం అది. ఆ రాగం తీస్తూనే నన్ను ఒళ్ళో వేసుకుని, ఒక చేత్తో రాయి తిప్పుతూ నిద్రపుచ్చేది.

“అక్కా!” అని అరవబోయాను. గొంతు రాలేదు. అదే మంచిదైంది.

ఊరంతా వచ్చి వాముమీద పడింది. ఒకవైపు గడ్డి జారి కుప్పగా పడి ఉంది. వాము జారడం మామూలే కాబట్టి పొద్దుటినుంచి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ గడ్డి లాగేసరికి కింద మనిషి పట్టేంత నల్లటి కంత. పాతర. వెనకటి రోజుల్లో రాగుల్ని నేలలో కడుపులావు గుంత తవ్వి, సన్నటి మెడ పెట్టి, పైన రాతిపలక మూసి దాచేవాళ్ళు. మూత ఎక్కడుందో ఇంటి పెద్దకు తప్ప తెలియకూడదు. కరువొస్తే ఊరంతా వచ్చి మీద పడుతుందని, పైన మట్టి కప్పి కళ్ళం చేసేసేవాళ్ళు. అక్క మామగారు ఆ గుట్టు ఎవరికీ చెప్పకుండానే కన్నుమూశాడు. పలక అంచున ఎలుకలు తవ్వేశాయి. తెల్లవారుజామున అక్క ఆవుకు గడ్డి పీకడానికి వచ్చి అడుగు వేసింది. పలక, అక్క, గడ్డి అన్నీ కలిసి లోపలికి. పైన ఇంకో కుప్ప జారి మూత పెట్టేసింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట.

మాదప్ప దూకబోతే తిమ్మయ్య రెక్క పట్టి ఆపాడు. “పాతర గాలి చెడ్డది. ముందు దీపం దించి చూడాల. దీపం ఆరితే మనిషి దిగకూడదు.”

గుంతలోంచి గొంతు వచ్చింది. బొంగురుగా, గుమ్మటంలో మాట్లాడినట్టు. “నేను ఇంకా ఆరలేదు గదయ్యా తిమ్మయ్యా, దీపమెందుకు? తాడు వేయండి!”

ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వేశారు. మునెమ్మ నవ్వలేదు. కంత అంచున కూలబడి, “అత్తా, అత్తా” అంటూ లోపలికి చెయ్యి చాపింది. నవారు మంచం తాళ్ళతో కట్టి దించి, అక్కను పైకి లాగాం. కాలు మడమ దగ్గర వాచిపోయింది. జుట్టునిండా గడ్డి. మునెమ్మ ఆమె మెడ కావలించుకుని వదలలేదు. “ఇంక సంగటి గట్టిగా చేస్తావా?” అని అడిగింది అక్క, కోడలి వీపు నిమురుతూ.

నీళ్ళు తాగాక చుట్టూ చూసింది. “ఆ నాదం తీసింది ఎవరు?”

టీచరమ్మను ముందుకు తోశాం. మోచేతులకూ చెంపకూ మట్టి అంటుకుని, బడిపిల్లలా నిలబడి ఉంది ఆమె. అక్క ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లోపల అరిస్తే గొంతు చీలిపోయె తల్లీ, గోడలు మింగేసినాయి. చాతగాక మెల్లిగా రాగిరాయి వరస తీస్తే గుంతంతా నాతో పాడింది. ఒకచోట పట్టుకుంటే నా గొంతు నాకే పెద్దగా వినిపించె. ఇదేదో బాగుందే అని అట్లే తీస్తా కూర్చున్నాను. నువ్వు సరిగ్గా అదే చోట పట్టుకున్నావు.”

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళు ఖాళీ ట్యాంకులకూ, బండలకూ పాడిన మనిషి. లోపలినుంచి ఒకరు తనలాగే పాడి జవాబిస్తారని ఆమె కూడా అనుకుని ఉండదు. నేను ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక నేను అక్కకు తప్ప ఎవరి కాళ్ళకూ దణ్ణం పెట్టలేదు. ఆమెకంటే గొప్ప విద్వాంసురాలిని నేను చూడలేదు, ఇక చూడబోను కూడా. నా మైకు ముందు పాడినవాళ్ళందరినీ లెక్కలో వేసుకునే ఈ మాట అంటున్నాను.

తరవాత అక్క పక్కన కూర్చున్నాను. ఆమె నా నెత్తిమీదున్న కానుగచెట్టుకేసి చూసింది. కొమ్మల్లో నా నాలుగు హారన్లూ నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. పాతర మూతికీ చెట్టు మొదలుకీ మధ్య రెండు బారలు కూడా లేదు. అక్క కొంగుతో నా మొహం తుడిచింది. కోపం లేదు ఆమె గొంతులో, ఎప్పటి అక్క గొంతే.

“నువ్వు వచ్చింది నాకు తెలిసింది అంజినీ. ‘అక్కా’ అని నువ్వు పిలిచినప్పుడల్లా ‘ఓ’ అని పలికినాను. పిలిచిన ప్రతిసారీ పలికినానురా. నాయినా, రొంతసేపు ఆపుతావేమో, ఆపితే వింటావు గదా అని చూసినాను. నువ్వు ఆపలే. ఆపినావు అనుకుంటే పాట వేస్తివి.”

ఎన్నో చెప్పాలని నోరు తెరిచాను. అక్క ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు అనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.